తాడు లాగని పూట

ఆదివారం పొద్దున ఆరాధనకు నేను పోయి పదకొండేళ్ళు దాటింది. మా ఆయన ఆరాధన మొహం చూసి అంతకంటే ఎక్కువే అయింది. ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న కంకర మిల్లులో ఇద్దరిదీ పని. ఆయన ఫిట్టరు. నేను బెల్టులు చూసే మనిషిని. వారంలో ఆరు రోజులు మిల్లు రాయి నములుతూనే ఉంటుంది. ఆగేది ఆదివారం ఒక్క పూట. బెల్టు కింద దూరి చూడాలన్నా, అరిగిన రోలరు మార్చాలన్నా ఆ పూటే కుదురుతుంది. మొదట్లో పాస్టరుగారు ఎందుకు రాలేదని అడిగేవారు. తర్వాత అడగడం మానేశారు. సాయంత్రం కూడికకు మాత్రం పోయి వెనక వరసలో కూర్చునేవాళ్ళం. ప్రసంగం మొదలైన కాసేపటికే ఇద్దరికీ కళ్ళు మూతలు పడేవి. ముందు వరసలో అది బాగుండదు.

కంకర మిల్లు చూడనివాళ్ళకు కొంచెం చెప్పాలి. లారీలు క్వారీ నుంచి బండరాళ్ళు తెచ్చి పోస్తాయి. దవడలాంటి మిషను ఒకటి వాటిని పగలగొడుతుంది. పగిలిన రాయి ఒక ఇనప తొట్టిలోంచి జారి, పొడవాటి రబ్బరు బెల్టు మీద పడుతుంది. ఆ బెల్టు ఏటవాలుగా పైకెక్కి, మూడంతస్తుల ఎత్తున ఉన్న జల్లెడ దాకా రాయిని మోసుకుపోతుంది. జల్లెడలోంచి సైజుల వారీగా విడిపోయిన కంకరను చిన్న బెల్టులు తీసుకుపోయి కుప్పలు పోస్తాయి. చిన్న బెల్టుల్లో ఏది ఆగినా ఆ పూటకు ఎలాగో నెట్టుకురావచ్చు. పెద్ద బెల్టు ఆగితే మిల్లు ఆగినట్టే. దాని పక్కనే మనిషి నడవడానికి ఇనప బాట ఉంటుంది. బాట పొడుగునా నడుమెత్తులో ఎర్ర తొడుగు వేసిన తీగ కట్టి ఉంటుంది. ఎక్కడ పట్టుకుని లాగినా మోటారు ఆగిపోతుంది. మేం దాన్ని తాడు అనేవాళ్ళం.

నేను మొదట బెల్టు కింద రాలిపడిన కంకర, దుమ్ము పారతో ఎత్తే ఆడవాళ్ళలో ఒకదాన్ని. మొత్తం ఏడుగురం. ఒక ఏడాది తనిఖీకి వచ్చిన ఆఫీసరు, పూటపూటకూ ఒక మనిషి బెల్టుల వెంట నడిచి చూడాలనీ, చూసింది పుస్తకంలో రాయాలనీ చెప్పిపోయాడు. మేనేజరు మా షెడ్డు దగ్గరికి వచ్చి, "మీలో రాయను వచ్చినోళ్ళు ఎవరమ్మా?" అని అడిగాడు. నేను పదో తరగతి పాసయ్యాను. అయినా చెప్పడానికి సిగ్గేసి నేల చూస్తూ నిలబడ్డాను. నా పక్కనున్న పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుని పైకెత్తింది.

పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు. మా గుంపులో వయసులో పెద్దది కాబట్టి అందరం అట్లా పిలిచేవాళ్ళం. ఆమె పుట్టిన ఊరు సోమశిల డ్యాము నీళ్ళ కింద పోయింది. ఆత్మకూరు పక్కన ఇచ్చిన కాలనీలో ఉంటుంది. నా చెయ్యి పైకెత్తి, "ఇది రాస్తాది సార్. దీనికి ఇనికిడి కూడా బాగుండాది" అంది. నా వినికిడి సంగతి ఆమెకెలా తెలుసో నాకు తెలియదు. బహుశా ఆ మాట ఊరికే అనివుంటుంది.

పని నేర్పింది మా ఆయనే. చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకోమన్నాడు. కొంగు లోపలికి దోపుకోమన్నాడు. గాజులు తీయించాడు. "నడిచేటప్పుడు బెల్టును చూడబాక. బెల్టు ఎప్పుడూ పోతానే ఉంటాది, దాన్ని చూస్తే కళ్ళు తిరుగుతాయి. అంచు చూడు. రోలర్లు చూడు. అంతకంటే ముందు ఇను" అన్నాడు. బేరింగు పోయే ముందు సన్నగా కూస్తుందనీ, బెల్టు రెండు కొసలూ అతికిన జాయింటు లేచే ముందు ప్రతి చుట్టులోనూ ఒకేచోట టక్కుమంటుందనీ చెప్పాడు. బెల్టు ఒక పక్కకు జరిగితే అంచు ఫ్రేముకు రాసుకుని రబ్బరు మాడిన వాసన వస్తుంది. చెయ్యి మాత్రం ఎక్కడా పెట్టకూడదు. ఆదివారం మిల్లు ఆగినప్పుడు అన్నీ చేతితో ముట్టుకుని చూపించేవాడు.

"ఆపాల్నా వద్దా అని అనుమానమొస్తే?" అని అడిగాను ఒకసారి.

"లాగెయ్. ఊరికే ఆపినా నష్టం లేదు."

అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. కానీ కొత్తగా నేర్చుకునే మనిషికి అట్లాగే చెప్పాలి.

పూటకు నాలుగుసార్లు కిందినుంచి పైకి, పైనుంచి కిందికి నడిచేదాన్ని. మొదటి రెండేళ్ళు కాళ్ళు నొప్పి పుట్టేవి. తర్వాత నొప్పి పోలేదు గానీ దాని గురించి అనుకోవడం పోయింది. ఇంటికి పోయి వంట చేస్తుంటే ఒంట్లో ఇంకా ఆ బాట అదురుతున్నట్టే ఉండేది. మా ఆయన మోకాళ్ళు నాకంటే ముందు అరిగాయి. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కో కాలు దించేవాడు. ఎవరన్నా చూస్తే బోల్టులు చూస్తున్నట్టు ఆగేవాడు.

మొదటిసారి నేను ఊరికే తాడు లాగింది ఎండలు ముదిరిన నెలలో.

మధ్యాహ్నం అన్నాలకు ముందు. పెద్ద బెల్టు సగం ఎత్తులో నడుస్తుంటే టక్, టక్ అని వినబడింది. ఆగి లెక్కపెట్టాను. ఒక్కో చుట్టుకూ ఒక్కోసారి వస్తున్నట్టే అనిపించింది. జాయింటు లేస్తోందనుకున్నాను. జాయింటు ఊడి, రాయి నిండిన బెల్టు వెనక్కి జారితే ఎట్లా ఉంటుందో మా ఆయన వేరే మిల్లులో చూశాడు. కింద ఆరుగురు ఆడవాళ్ళు పారలతో వంగి ఉన్నారు. తాడు లాగాను.

మోటారు ఆగింది. ఆ చప్పుడంతా ఒక్కసారిగా ఆగిపోతే చెవులు మూసుకుపోయినట్టుంటుంది. కిందినుంచి ఒకామె, "ఏందక్కా, ఆగిపోయినాది?" అని అరిచింది.

"జాయింటు కొట్టుకుంటా ఉండాది."

మా ఆయన వచ్చాడు. జాయింటు సరిగ్గా బాట పక్కనే ఆగి ఉంది. గోటితో అంచు లేపి చూశాడు. లేవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని కింది వైపు లైటు వేసి చూశాడు. తర్వాత బెల్టు పొడుగునా కిందికి నడిచాడు, మళ్ళీ పైకి వచ్చాడు. మూడోసారి వచ్చేటప్పుడు ఒక రోలరు మీది రేకు మూత దగ్గర ఆగి, దాన్ని వేలితో కదిలించాడు. టక్కుమంది. బోల్టు ఒకటి వదులైంది, అంతే. వేళ్ళతోనే బిగించాడు.

"ఇదే" అన్నాడు.

మేనేజరు ఆఫీసు ముందున్న వేపచెట్టు కింద నిలబడి ఎవరికో ఫోనులో ఇంకో గంటలో లోడు పంపిస్తానని చెబుతున్నాడు. ఆ పూట ఆ మాట మూడుసార్లు చెప్పాడు. ఎందుకంటే బెల్టు మళ్ళీ కదల్లేదు. నిండుగా రాయి ఉన్న బెల్టును ఏటవాలులో ఆపితే, మళ్ళీ లాగడానికి మోటారు సత్తువ చాలదు. రెండుసార్లు ఆన్ చేసి చూశారు. మోటారు మూలిగి, వైరు కాలిన వాసన వచ్చింది. ఇక బెల్టు మీది రాయిని చేత్తో దించాల్సిందే.

ఆరుగురు ఆడవాళ్ళూ ఇనప బాట మీదికెక్కారు. నేనూ పార తీసుకున్నాను. ఇనుము కాలి చెప్పుల్లోంచి చురుక్కుమంటోంది. బెల్టు మీది రాయిని పారతో ఎత్తి పక్కకు పోయాలి. పైకి పోయేకొద్దీ బాట ఇరుకు, ఇద్దరు పక్కపక్కన నిలబడలేరు. ఒకరి వెనక ఒకరు నిలబడి, ఎవరి ముందున్నది వాళ్ళు తోసేశాం. సగం బెల్టు ఖాళీ అయ్యేసరికి అన్నాల వేళ ఎప్పుడో దాటిపోయింది. పెద్దమ్మ పార పక్కన పెట్టి, కమ్మీ పట్టుకుని కిందికి వాంతి చేసుకుంది. పట్టుకుని నీడలోకి దించాం. నీళ్ళు తాగించి విసురుతుంటే నేను, "నా వల్లే పెద్దమ్మా" అన్నాను.

"నీకు ఇనపడినాది, లాగినావు. దాంట్లో ఏముండాది" అంది కళ్ళు మూసుకునే.

ఎవరూ నన్ను తిట్టలేదు. మేనేజరు కూడా తిట్టలేదు. పుస్తకంలో నేనే రాసుకున్నాను: పెద్ద బెల్టు ఆపడమైనది, రోలరు మూత బోల్టు వదులు, బిగించడమైనది. చదివితే అది ఎంత చిన్న పనో తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఒక సంగతి మారింది. నేను బాట మీద నడుస్తుంటే కింద ఆడవాళ్ళు తల ఎత్తి చూడడం మొదలుపెట్టారు. నన్ను కాదు, నా చేతిని చూసేవాళ్ళు. తాడుకు దగ్గరగా పోతే పారలు ఆగేవి. నేను చెయ్యి వెనక్కి పెట్టుకుని నడవడం నేర్చుకున్నాను. అట్లా నడవమని నాకెవరూ చెప్పలేదు.

వానలు మొదలైన తర్వాత రెండోది జరిగింది. ఆ రోజు తుంపర పడుతోంది. దుమ్ము అణిగి అందరికీ కాస్త ఊపిరాడుతోంది. నేను కింద, బెల్టు మీద రాయి పడే తొట్టి దగ్గర ఉన్నాను. ఆ తొట్టి లోపల రాయి దెబ్బలకు అరగకుండా దళసరి ఇనప పలకలు బిగించి ఉంటాయి. రాయి పడే హోరు కింద ఇంకో చప్పుడు వినబడింది. తడిసిన గోనెసంచిని ఎవరో నిదానంగా చింపుతున్నట్టుంది. ఆగి విన్నాను. ఒంగి చూశాను. బెల్టు నడిమధ్యన, పొడుగునా, గీత ఒకటి తెల్లగా పోతోంది.

నాకు అర్థమైంది. పలక ఒకటి ఊడి కిందికి వంగింది, దాని మూల బెల్టును గీస్తోంది. అప్పటికి ఇంకా పైపొరే గీస్తోంది. ఈ మాట నేను తర్వాత తెలుసుకుని రాస్తున్నది కాదు. అక్కడ నిలబడినప్పుడే నాకు ఖాయంగా తెలుసు.

చెయ్యి తాడు మీద పెట్టాను. తల తిప్పితే కాస్త దూరంలో పెద్దమ్మ పార ఆనించుకుని నిలబడి నా చేతినే చూస్తోంది. ఆమె మొహంలో కోపం లేదు. అలసట ఉంది. ఇంకో పూట ఎత్తాలి గదా అనే అలసట. బెల్టు నిండుగా ఉంది.

చెయ్యి తీసేశాను. మా ఆయనను పిలుచుకొద్దామని బాట ఎక్కడం మొదలుపెట్టాను.

ఆయన పైన జల్లెడ దగ్గర ఉన్నాడు. చిన్న జల్లెడ ఒకదాన్ని ఆపి దానికి కొత్త వల బిగిస్తున్నాడు. ఆయాసపడుతూ పోయి ఎదురుగా నిలబడ్డాను.

"ఏందే?"

"తొట్టి కాడ ఏదో గీస్తా ఉండాది. ఒక తూరి రా."

"ఏం గీస్తాది?"

"పలకేమో."

"ఖాయంగా పలకేనా?"

"ఏమో. చప్పుడైతే వస్తా ఉండాది" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. తర్వాత కింద తొట్టి దాకా ఉన్న బాట వైపు చూశాడు. "ఈ నాలుగు బోల్టులు బిగించి వస్తా. నువ్వు పద" అన్నాడు.

నేను దిగలేదు. అక్కడే నిలబడ్డాను. ఆయన మొదటి బోల్టు బిగించాడు, రెండోది బిగించాడు. మూడోది పెడుతుంటే బెల్టు మీద రాయి రావడం తగ్గింది. వంగి చూస్తే, కింద నుంచి వస్తున్న బెల్టు నడిమధ్యన రెండుగా చీలి వస్తోంది. రాయి చీలికలోంచి కిందికి రాలుతోంది. ఇంతసేపూ గీసిన ఇనుము చివరికి లోపలికి దిగింది. దిగిన తర్వాత రెండు నిమిషాలు చాలు, బెల్టు చుట్టూ తిరిగి మొత్తం చీలిపోతుంది. అప్పుడు లాగాను తాడు. ఇద్దరం ఒకేసారి లాగాం.

ఆడవాళ్ళు అప్పటికే పక్కకు తప్పుకున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది నేను చేసిన మేలు కాదు. పెద్దమ్మ ముందే అందరినీ పిలిచి అవతలికి తీసుకుపోయిందట.

మేనేజరు వచ్చి చీలిన బెల్టు పక్కన చాలాసేపు నిలబడ్డాడు. తలమీది టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన కూడా పొద్దునెప్పుడో వచ్చిన మనిషే.

"ముందు ఎవరు చూసినారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "ఆమె వచ్చి చెప్పింది సార్. నేనే లేటు చేసినాను" అన్నాడు.

"ఆమె తాడు ఎందుకు లాగలేదు?"

"లాగబోతే పోయిన తూరి అయినట్టు అయితాదని, నన్ను అడగను వచ్చింది. నేను వెంటనే దిగింటే సరిపోయేది."

మేనేజరు నా వైపు చూశాడు. మా ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ నేను పైకెక్కి ఏమో అన్న మాట అందులో లేదు. తెలిసి కూడా ఏమో అన్నానని నేను చెప్పలేదు.

కొత్త బెల్టు చెన్నై నుంచి రావాలి. తొమ్మిది రోజులు మిల్లు ఆగిపోయింది. ఆడవాళ్ళలో నలుగురు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని సంగం వైపు నాట్లకు పోయారు. ఒకామె పుట్టింటికి పోయింది. పెద్దమ్మకు రోజంతా నడుము వంచి ఉండడం చేతకాదు కాబట్టి నాట్లకు పోలేదు. నేను కాలనీ వైపు పోయి ఆమెను చూడాలనుకున్నాను. పోలేకపోయాను. మూడో రోజు ఉదయగిరి బస్సెక్కి మా అక్క ఇంటికి పోయాను.

మా అక్క కోట కిందున్న వీధిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే చోట పనిచేస్తుంది. పెద్ద ముక్క నుంచి గరిటె ఆకారం తీసి ఇస్తే, వీళ్ళు దాన్ని గరుకు కాగితంతో నున్నగా రుద్దుతారు. అక్క పక్కన కూర్చుని నేనూ రుద్దాను. చేతికి పని ఉంటే మాట్లాడాల్సిన పని ఉండదు. కొయ్య వాసన బాగుంది. రెండు మూడు గరిటెలు అయ్యాక, ఎక్కడో సన్నగా బేరింగు కూస్తున్నట్టు వినబడింది. తల ఎత్తి చూశాను. గదిలో మిషనేమీ లేదు. ఫ్యాను తిరగడం లేదు, కరెంటు పోయింది. అందరూ చేతులతో రుద్దుతున్నారు. కూత మాత్రం ఆగలేదు. ఎడమ చెవి మూసుకుంటే ఇంకా గట్టిగా వినబడింది.

మరుసటి రోజు అక్క నాకు ఎడమ పక్కన కూర్చుని ఏదో అడిగింది. రెండోసారి నా భుజం తట్టింది.

"నేను పిలిస్తే పలకవేందే?"

"ఎప్పుడు పిలిచినావు?"

ఆమె నా మొహం చూసి, చేతిలో గరిటె కింద పెట్టింది. లేచి నా కుడి పక్కకు వచ్చి కూర్చుంది. ఆ రోజంతా అటే కూర్చుంది.

అప్పటినుంచి నాకు ఇంకో దిగులు పట్టుకుంది. ఎండల్లో నేను విన్న టక్కు చప్పుడు, బోల్టు వదులైన మూతదేనా? నేను లెక్కపెట్టిన చుట్లు నిజమేనా? మూత చప్పుడైతే ఒక చుట్టుకు ఒకసారే రాదు, ఎప్పుడంటే అప్పుడు వస్తుంది. నేను విన్నది ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ జాయింటు మాత్రం లేవలేదు. అది నిజం.

కొత్త బెల్టు వచ్చిందని మా ఆయన ఫోను చేస్తే తిరిగి వచ్చాను. జాయింటు వేయడానికి బయటినుంచి ఇద్దరు వచ్చారు. బెల్టు రెండు కొసలనూ పొరలు పొరలుగా మెట్లలాగా ఒలిచి, జిగురు పూసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి, ఇనప పలకల మధ్య వేడి పెట్టి నొక్కుతారు. పట్టుకోవడానికి, గీత సరిచూడడానికి మా ఆయన సాయం చేశాడు. వేడి పెట్టిన తర్వాత, చల్లారేదాకా ఎవరూ చేసే పని లేదు. వచ్చిన ఇద్దరూ లారీ నీడలో పడుకున్నారు. మేమిద్దరం టిఫిను డబ్బా తీసుకుని రేకుల షెడ్డు కింద కూర్చున్నాం.

పులిహోర కలిపి తెచ్చాను. ఆయన రెండు ముద్దలు తిని ఆగాడు. కాళ్ళు చాపుకుని మోకాలు ఒకటి అరచేత్తో రుద్దుకుంటున్నాడు.

"నీకొకటి చెప్పాల" అన్నాను.

"చెప్పు."

"ఆ పొద్దు నువ్వు ఖాయమా అంటే ఏమో అన్నా గదా. నాకు తెలుసు. గీత చూసినా. తెలిసే ఏమో అన్నా. మళ్ళీ ఊరికే ఆపినానంటారేమోనని."

ఆయన డబ్బాలో వేలితో ఒక పల్లీ అటూ ఇటూ జరిపాడు.

"నాకూ తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీకు తెలుసని. నువ్వు అంత దూరం ఎక్కి వచ్చినావంటే ఊరికే రావు. చూస్తానే తెలిసినాది." మోకాలు మళ్ళీ రుద్దుకున్నాడు. "దిగాలనిపించలా. అన్ని మెట్లు దిగి, మళ్ళీ ఎక్కాల గదా అని. నాలుగు బోల్టులంటే అంతసేపు కూర్చోవచ్చు. దానికోసరం అన్నా ఆ మాట."

నేను ఆయన మోకాళ్ళ వైపు చూశాను. ఒకటి రెండోదానికంటే లావుగా వాచి ఉంది. రోజూ పక్కనే ఉంటూ నేను దాన్ని సరిగ్గా చూడలేదు.

"నువ్వుండే చోటినుంచే తాడు లాగొచ్చు గదా" అన్నాను.

"లాగొచ్చు" అన్నాడు. "లాగితే దిగాల గదా, ఏమైందో చూడను."

ఇద్దరం మిగిలిన పులిహోర తిన్నాం. నాకు కోపం రాలేదు. వస్తుందేమోనని చూశాను, రాలేదు. అట్లాగని మనసు తేలిక కూడా కాలేదు. ఒక బెల్టు పోయింది, ఆరుగురికి తొమ్మిది రోజులు పని పోయింది. మా ఇద్దరికీ ఒకేసారి ఒళ్ళు బరువైనందుకు అదంతా జరిగింది. చెవి సంగతి కూడా అప్పుడే చెప్పాను. ఆయన నా ఎడమ పక్కకు జరిగి, గొంతు తగ్గించి ఏదో అన్నాడు. వినబడలేదని తల ఊపాను. ఏమన్నాడో ఆయన మళ్ళీ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ వారమే మా ఆయన మేనేజరు దగ్గరికి పోయి మెట్లెక్కలేనని చెప్పాడు. మోకాలు చూపించాడు. గేటు దగ్గర లారీలు వచ్చేదీ పోయేదీ చూసే పని ఇచ్చారు. కుర్చీ ఉంటుంది, నీడ ఉంటుంది. ఇరవై ఏళ్ళు పానా పట్టిన మనిషి మొదటి రోజు కుర్చీలో కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. కడప వైపు నుంచి కొత్త ఫిట్టరు వచ్చాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ.

నేను కూడా మేనేజరుకు నా చెవి గురించి చెప్పాను. దాచి ఆ పని చెయ్యబుద్ధి కాలేదు. నెల్లూరు పోయి చూపించుకున్న చీటీ ఆయన ముందు పెట్టాను. చదివి మడిచి తిరిగి ఇచ్చాడు.

"ఇంకో చెవి బాగుండాదా అమ్మా?"

"బాగుండాది సార్."

"రాసేవాళ్ళు ఇంకెవరుండారు మన దగ్గర" అన్నాడు. కాసేపు కాగితాలు సర్దాడు. "చెవులకు పెట్టుకునేవి తెప్పిస్తా" అన్నాడు. తెప్పించాడు కూడా. అవి పెట్టుకుంటే హోరు తగ్గుతుంది గానీ రోలరు కూత కూడా తగ్గుతుంది. అందుకని కుప్పల దగ్గర పెట్టుకుంటాను, పెద్ద బెల్టు వెంట నడిచేటప్పుడు తీసేస్తాను. అది మంచిది కాదని నాకు తెలుసు.

మిల్లు మళ్ళీ మొదలైన రోజు పెద్దమ్మ అందరికంటే ముందే వచ్చి షెడ్డులో కూర్చుని ఉంది. ఎలా పలకరించాలో తెలియక, "ఈ తొమ్మిది దినాలు ఏం చేసినావు పెద్దమ్మా?" అన్నాను.

"పండుకున్నా" అంది. "పొద్దున లేసేది, గంజి తాగేది, మళ్ళీ పండుకునేది. ఎన్నేళ్ళయినాదో అట్టా పండుకోని."

"ఆ పొద్దు నేను లాగుంటే..."

ఆమె చెయ్యి ఊపింది. "నువ్వు లాగుతావేమోనని నేనే చూస్తా ఉన్నా. లాగబాక తల్లీ అనుకున్నా మనసులో. ఇంకేం చెప్తావు నాకు." పార తీసుకుని లేచింది. రెండడుగులు వేసి ఆగింది. "మళ్ళా అనుమానమొస్తే లాగు. రాయి దించేటప్పుడు నన్ను మాత్రం పిలవబాక."

తర్వాత ఇప్పటిదాకా నాలుగుసార్లు లాగాను. రెండుసార్లు నిజంగానే ఏదో ఉంది. ఒకసారి రోలరు ఇరుసు విరిగింది, ఒకసారి రెండు రోలర్ల మధ్య రాయి ఇరుక్కుని బెల్టు అంచు కోస్తోంది. మిగతా రెండుసార్లు ఏమీ దొరకలేదు. దొరకనప్పుడల్లా అందరం బాట ఎక్కి రాయి దించాం. పెద్దమ్మను పిలవలేదు. పిలవకపోయినా రెండోసారి ఆమె వచ్చి, కింద నిలబడి మేం తోసిన రాయిని పక్కకు లాగింది.

మొన్న ఆదివారం కొత్త ఫిట్టరూ నేనూ పెద్ద బెల్టు జాయింటు చూశాం. ఒక మూలన గోరు దూరేంత లేచింది. సుద్దతో చుట్టూ గీత గీశాను.

"ఇంకో వారం పోతాదిలే అక్కా" అన్నాడు.

"పోతాదేమో. ఈ పొద్దే చేద్దాం."

ఆయన ఎండ వైపు చూశాడు, టైము చూసుకున్నాడు. ఇంటికి పోయే పనేదో ఉన్నట్టుంది. అయినా దిగిపోయి జిగురు డబ్బా, గరుకు కాగితం, రబ్బరు ముక్క తెచ్చాడు. లేచిన చోట పాత జిగురు గీకి శుభ్రం చేశాం. ఒక పూత పూశాం. అది ఆరిన తర్వాత రెండో పూత వెయ్యాలి. బెల్టుకు చెరో పక్క బాట మీద కూర్చున్నాం. ఆయన బీడీ తీసి, జిగురు దగ్గర అంటించకూడదని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి నేను వేలి వెనక వైపుతో పూతను ముట్టుకుని చూశాను. ఇంకా అంటుకుంటోంది. ఇంకో పది నిమిషాలు కూర్చున్నాం.